ఇసుక మనది – యంత్ర మెవరిది?

భీమునిపట్నపు తీరమున నిలిచి గుప్పెడు నల్లయిసుక నెత్తి వ్రేళ్ళసందులనుండి జారవిడిచిన ప్రతివాడును రెండు విషయములను చేతితో తాకినవాడగును. మొదటిది ఆ యిసుకలో నిమిడియున్న మోనజైటను ఖనిజము, దానిలోని థోరియము. రెండవది ఆ యిసుక జారెడి తీరు. మొదటిదానిని గూర్చి మన పెద్దలు డెబ్బదియేండ్లుగా ఉపన్యసించుచునే యున్నారు. రెండవదానిని గూర్చి సభలలో పలుకువారు మిక్కిలి యరుదు. ఆ రెండవది నేర్వనిదే మొదటిది మనకు పూర్తిగా అక్కరకు రాదని చెప్పుటకే నేడు ఈ విషయమును చేపట్టితిమి.

ఇది వారపత్రికలో సంపాదకీయమునకు తగిన విషయమా యని మా పాఠకులలో కొందరు సందేహింపవచ్చును. ఉప్పు చిన్నవస్తువే, దానిపై పన్ను 1930లో ఈ దేశమునెల్ల కదలించెను. నూలుపోగు చిన్నవస్తువే, దానిని మరచినందులకు తరతరములు మొలబట్టకై పరుల మొగము చూడవలసివచ్చెను. ఒక మిల్లీమీటరు ప్రమాణముగల లోహపుగింజ నేడు అట్టి చిన్నవస్తువు. దానిని తృణీకరించినచో కలుగు ఫలమును ముందుగా తెలిసికొనుట పౌరుల విధి.

కొంత పూర్వచరిత్ర స్మరింతము. తిరువాన్కూరునుండి జర్మనీకి పోయిన కొబ్బరిపీచునంటియున్న యిసుకను 1909లో షాంబర్గు అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి అందు మోనజైటు కలదని కనుగొనెను. పీచు మనది, ఇసుక మనది, దానిని కాళ్ళతో త్రొక్కుచు తిరిగినవారము మనము. దాని విలువను కనుగొన్న కన్ను మాత్రము పరులది. మరుసటి యేటనే మణవాళకురిచ్చిలో ఇసుకను శుద్ధిచేయు కర్మాగారము వెలసెను. ఐరోపా వీధులలోని గ్యాసుదీపముల వత్తులకు ఆ థోరియము వెలుగునిచ్చెను. ఇసుకనమ్మిన దేశమునకు దక్కినది కూలిడబ్బులు. వత్తినమ్మిన దేశమునకు దక్కినది లాభము.

స్వరాజ్యము వచ్చిన పిదప ఈ యన్యాయమును మాన్పుటకు ప్రయత్నము జరిగినమాట నిజము. 1948లో అణుశక్తి సంఘము ఏర్పడెను. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ పుట్టెను. 1952లో ఆళ్వాయ కర్మాగారము మోనజైటును ఇచ్చటనే విడదీయ నారంభించెను. 1954లో హోమీ భాభా మూడంచెల అణుశక్తి ప్రణాళికను దేశము ముందుంచెను. దాని మూడవ యంచెకు మూలధనము ఈ థోరియమే. దేశములోని మోనజైటు నిలువలు కోటి టన్నులకు పైబడియున్నవి. రాష్ట్రములవారీగా చూచినచో అందు పెద్దభాగము ఆంధ్రప్రదేశ్ తీరమునదే: భావనపాడు, కళింగపట్నము, భీమునిపట్నము మొదలగు ఇసుకమేటలు అందులోనివి. మన మోనజైటులో నూటికి 8 మొదలు 10 పాళ్ళవరకు థోరియము ఆక్సైడు కలదు. కావున ఈ వ్యవహారమున ఆంధ్రుడు ప్రేక్షకుడు కాడు, హక్కుదారుడు.

అయితే హక్కు వేరు, అనుభవము వేరు. థోరియము పొయ్యిలో పెట్టగానే మండెడి ఎండుకట్టె కాదు, పచ్చికట్టె. దానంతట అది శృంఖలాభేదనమును సాగింపజాలదు. ఒక న్యూట్రానును మ్రింగి, కొన్నివారములలో యురేనియము 233గా మారిన పిదపనే అది మండును. ఆ పదార్థముతో నడచు చిన్న రియాక్టరు, కామినీయనునది, కల్పాకమున 1996నుండి కలదు. దాని శక్తి 30 కిలోవాట్లు మాత్రమే. పచ్చికట్టెను ఎండబెట్టుటకు విస్తారముగా న్యూట్రానులు కావలయును. అవి యెచ్చటనుండి వచ్చును? వేగ రియాక్టరులనుండి తెచ్చుకొనుట ఒక మార్గము. వేరొక మార్గమును 1990 దశకమున సెర్న్ పరిశోధనాలయమునందు నోబెలు బహుమాన గ్రహీతయగు కార్లో రుబ్బియా గట్టిగా ప్రతిపాదించెను. త్వరణయంత్రముచే నడుపబడు రియాక్టరు అనునది అదియే.

దాని మర్మమును సామాన్యభాషలో చెప్పుదుము. ప్రోటానులను నూరుకోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తివరకు, అనగా కాంతివేగములో నూటికి 87 పాళ్ళ వేగమువరకు పరుగెత్తించి, సీసము, టంగ్‌స్టన్ వంటి బరువైన లోహముపై కొట్టించెదరు. ఒక్కొక్క ప్రోటాను తాకిడికి ఇరువదికి పైగా న్యూట్రానులు చిమ్మును. ఆ లోహమునకే లక్ష్యమని పేరు. లక్ష్యముచుట్టును ఇంధనమును అమర్చెదరు. ఆ యింధనము తనంత తాను ఎడతెగక మండునంత దట్టముగా నుండదు. ఒక తరమున 100 న్యూట్రానులున్నచో మరుతరమునకు 95 మాత్రమే మిగులును. అట్లు తరుగుచు పోయినను వెలుపలినుండి వచ్చిన ఒక్కొక్క న్యూట్రానుకు మొత్తముమీద ఇరువది లెక్కకు వచ్చును. ప్రోటానుధార నాపినచో మంట క్షణమాత్రములో చల్లారును. చిమ్నీలో నూనె పోసినంతవరకు వెలిగి, పోయుట మానగానే మలగు దీపము వంటి దిది.

ఇంతవరకు అందరు చెప్పుదురు. ఇక చెప్పవలసినది లక్ష్యము సంగతి. ఈ యంత్రమునకు గుండెకాయ ఇంధనము కాదు, త్వరణయంత్రమును కాదు. ఆ రెంటికి నడుమనున్న గుప్పెడు లోహము. పిడికిలియంత వెడల్పుగల ధారలో మెగావాట్లకొలది శక్తి దానిపై దిగును. కదలక నిలిచియున్న ఏ లోహమైనను కాగును, పగులును, పెళుసెక్కును. దానిని చల్లార్చుటయే అసలు చిక్కు.

లోకమున దీనికి చేసిన ప్రయత్నములు పెక్కు. స్విట్జర్లాండులోని పాల్ షెరర్ పరిశోధనాలయమున 2006లో సీసము బిస్మతు మిశ్రమమును కరగించి ప్రవహింపజేసి నాలుగు నెలలు మెగావాటుకు కొంచెము తక్కువ శక్తితో నడిపిరి. అది జయప్రదమైన ప్రయోగమే. కాని కరగిన సీసము ఉక్కును తినును. బిస్మతు న్యూట్రానును మ్రింగి పొలోనియము 210 అను ఘోరవిషముగా మారును. ధారకును ద్రవమునకును నడుమనున్న పలుచని లోహపు కిటికీ దినదినము దెబ్బతినును. అమెరికాలోని ఓక్‌రిడ్జిలో 2006నుండి పాదరసపు లక్ష్యము నడచుచున్నది. ధార తాకినపుడెల్ల పాదరసమున బుడగలు పుట్టి పగిలి పాత్రగోడలను గుంటలుపడ కొరుకుచున్నవి. జపానులోని జేపార్కు పాదరస లక్ష్యములు 2015లో రెండుమార్లు చెడి పని నిలిచెను. స్వీడనులోని లుండ్ పట్టణమున టంగ్‌స్టను ఇటుకలు పొదిగిన పెద్దచక్రమును త్రిప్పుచు హీలియముతో చల్లార్చు ఏర్పాటు చేసిరి. ఎవరి మార్గము వారిది. ఏ మార్గమును ముళ్ళులేనిది కాదు.

ఇచ్చట చైనాదేశపు లాంజౌ నగరమందలి ఆధునిక భౌతికశాస్త్ర పరిశోధనాలయమువారు గడచిన దశాబ్దమున వేరొక యోచన చేసిరి. లోహమును కరగించుట యెందుకు? గింజలుగా చేసి జారవిడిచిన చాలదా? ఒక మిల్లీమీటరు ప్రమాణముగల టంగ్‌స్టన్ మిశ్రమపు గింజలను పైనుండి గరాటువంటి పాత్రలో పోసెదరు. అవి తమ బరువుచేతనే క్రిందికి దిగుచుండగా ప్రోటానుధార పైనుండి వాటిపై బడును. కాగిన గింజలు అడుగు ద్వారమున వెలికి జారి, వేరొకచోట చల్లారి, జల్లెడపడి, విరిగినవి తీసివేయబడి, మరల పైకెత్తబడును. పగులుటకు అఖండమైన దిమ్మె లేదు. ఉక్కును తినుటకు ద్రవము లేదు. కిటికీ లేకయే నడుపుటకు అవకాశము కలదు. చెడిన గింజను మార్చవచ్చును. చెడిన దిమ్మెను మార్చవలెనన్న యంత్రమంతయు నిలుపవలయును.

మన యాడువారు తిరుగలినోట గుప్పెడు గుప్పెడుగా గింజలు పోయుచు నెరిగిన విద్యకు ఇది దూరపు చుట్టము. కాని దీనిని అల్పమనుకొనువారు గింజల స్వభావమెరుగరు. నీరు గింజవంటిది కాదు, గింజ నీటివంటిది కాదు. కుండలో నీటిమట్టము పెరిగినకొలది అడుగున ఒత్తిడి పెరుగును. గాదెలో ధాన్యమెంత యెత్తు పోసినను అడుగున ఒత్తిడి కొంత మేరకు పెరిగి ఆగిపోవును. మిగిలిన బరువును గోడలు మోయును. ఈ సంగతిని 1895లో జాన్సెన్ అను జర్మను ఇంజనీరు ధాన్యపు గాదెలలో కొలిచి చూపెను. కావుననే గాదెలు అడుగు పగిలికాక గోడలు చీలి కూలును. కావుననే ఇసుక గడియారమున పైయిసుక తరుగుచున్నను జారెడి వేగము తరుగదు. గింజల ప్రవాహము ఎత్తుననుసరించి కాక ద్వారపు వెడల్పుననుసరించి యుండునని 1961లో బెవర్లూ మొదలగువారు విత్తనములతో పరీక్షించి సూత్రము కట్టిరి. ద్వారపు వెడల్పు రెట్టింపైనచో ప్రవాహము రెట్టింపు కాదు, సుమారు ఐదున్నర రెట్లగును. ద్వారము గింజకు ఐదారింతలకన్న ఇరుకైనచో గింజలు ఒకదానినొకటి పట్టుకొని కమానుకట్టి నిలిచిపోవును.

లక్ష్యమునకు ఈ సూత్రము లెట్లు పట్టునో చూపుటకు ఒక చిన్నలెక్క వేసి చూచితిమి. ధారశక్తి రెండున్నర మెగావాట్లనుకొందము. అదియంతయు గింజలలోనే దిగినదనుకొందము. గింజలు 200 డిగ్రీలకు మించి కాగరాదనుకొందము. టంగ్‌స్టను ఒక కిలో ఒక డిగ్రీ కాగుటకు 134 జౌళ్ళు పట్టును. అట్లయినచో సెకనుకు 90 కిలోలకు పైగా గింజలు జారవలయును. గంటకు 330 టన్నులు. బెవర్లూ సూత్రము ప్రకారము దీనికి పదునొకటి పండ్రెండు సెంటీమీటర్ల ద్వారము చాలును. ప్రవాహము కొండంత, ద్వారము జానెడైనను లేదు. ఆ జానెడు ద్వారమున ఒక్క నిముసము కమాను కట్టినచో పైన నిలిచిపోయిన గింజలపై ధార మండుచునే యుండును. రక్షణయంతయు ధారను తక్షణమే ఆపుటలోను, అసలు కమాను కట్టనీయని పాత్ర రచనలోను కలదు.

ఇక కష్టములు. పాత్రనడుమ గింజలు వేగముగా దిగి, గోడలయొద్ద నిద్రించు మూలలు ఏర్పడవచ్చును. అచ్చటి గింజలు అవసరమునకు మించి కాగును. పెద్దవి చిన్నవి కలిసియున్నచో జారుటలో వేరుపడును. లోహము లోహమునొరసి పొడి రాలును. ఆ పొడి శూన్యనాళమున త్వరణయంత్రమువైపు ప్రాకవచ్చును. శూన్యములో శుద్ధలోహము లోహమునంటి అతుకుకొను గుణము కలదు. గాలిలో సులభముగా జారిన గింజ అచ్చట జారకపోవచ్చును. ఇవన్నియు పుస్తకము చూచి తేల్చు విషయములు కావు. పాత్ర చేసి, గింజలు పోసి, వేలగంటలు జార్చి చూడవలసినవి.

గింజల స్వభావమును లెక్కలకు వదలిపెట్టిన వారికేమి జరిగెనో జర్మనీ సాక్ష్యమిచ్చును. హామ్ పట్టణమున 300 మెగావాట్ల రియాక్టరు 1985లో విద్యుత్తు నీయ నారంభించెను. దాని యింధనము ఆరు సెంటీమీటర్ల గ్రాఫైటు గోళములు. అవి ఆరులక్షలకు పైగా మెల్లగా క్రిందికి దిగుచుండవలయును. నియంత్రణ కడ్డీలను ఆ గోళముల రాశిలోనికే దూర్చుటచే ఊహించినదానికన్న ఎన్నోరెట్లు గోళములు విరిగెను. నడిమి గోళములు లెక్కలు చెప్పినదానికన్న వడిగా దిగెను. 1989లో దానిని మూసివేయ నిర్ణయించిరి. ఆ నిర్ణయమునకు ధనవిషయము, రాజకీయము గూడ కారణములే. కాని గోళముల నడవడియు సాక్షులలో నొకటియని ఒప్పుకొనక తీరదు. అంతటి ఇంజనీరింగు దేశము గోళములు దొర్లుటలో తడబడెను. అదే గోళపు పద్ధతిని పట్టువిడువక నేర్చిన చైనా 2023 డిసెంబరులో షిదావ్‌వాన్ రియాక్టరును వాణిజ్యరీతిని నడుప నారంభించెను. ఓటమినుండి పాఠము నేర్చినది ఓడినదేశము కాదు, చూచుచున్న దేశము. మనమును చూచుచునే యుంటిమి, ఏమి నేర్చితిమి?

ఇక ప్రతివాదములను విచారింతము.

మొదటి వాదము: పరులు ఈ విద్యను సిద్ధపరచిన పిదప కొనుక్కొందము, ఇప్పుడు తొందరయేల? ఈ మాట మాకు చిరపరిచితము. తారాపురపు రియాక్టరులను కొనితెచ్చితిమి. 1974లో పోఖ్రాను పరీక్ష జరిగిన పిదప అమెరికా 1978లో శాసనము చేసి, ఇచ్చిన మాటను చట్టముచాటున దాచి, ఇంధనము నిలిపెను. శీతల ఇంజనుల విద్యను రష్యానుండి కొనబోతిమి; 1993లో అమెరికా ఒత్తిడికి ఆ విద్య మనకు రాకుండ పోయెను. ఇరువదియేండ్లు శ్రమించి 2014 జనవరిలో మన ఇంజనుతో మన రాకెట్టు నెగిరించితిమి. ఆ యిరువదియేండ్లు ఎవరు తిరిగి యిత్తురు? అమ్ముటకు ఇష్టపడినంతకాలమే అంగడివాడు స్నేహితుడు. థోరియము మన యొడిలోనుండగా దానిని వెలిగించు అగ్గిపుల్లకై అంగడికి పోవువాని తెలివిని ఏమని మెచ్చుకొందము?

రెండవ వాదము: బీదదేశము, త్రాగునీరు లేని పల్లెలుండగా ఈ వ్యయమేల? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని పరిహసించువారితో మేము కలియము. కాని త్వరణయంత్రమునకు వేలకోట్లు కావలసినను గింజల విద్యకు అంత అక్కరలేదు. చల్లని పరీక్షకు రేడియోధార్మికత లేదు, ప్రమాదము లేదు. ఒక గరాటు, తూకపుయంత్రము, వేగముగా చిత్రములు తీయు కెమేరా, ఒక గణకయంత్రము, ఓపికగల నలుగురు విద్యార్థులు చాలును. 1979లో కండల్, స్ట్రాక్ అనువారు ప్రతి గింజను వేరువేరుగా లెక్కించు గణనపద్ధతిని ప్రకటించిరి. అది నేడు ఏ కళాశాలకైనను అందుబాటులోనున్నది. పైగా ఈ విద్య యొక్క ఫలము రియాక్టరుకే పరిమితము కాదు. ధాన్యపు గాదెలు, బియ్యపుమిల్లుల గరాటులు, సిమెంటు, ఎరువులు, విద్యుత్కేంద్రములలో బొగ్గుతొట్లు, కొండచరియలు – ఇవన్నియు గింజల ప్రవాహములే. రియాక్టరు ఏనాటికిని రాకపోయినను ఈ వ్యయము వృథా కాదు. అణుశాస్త్రమున ఇట్లు చెప్పదగిన వ్యయములు ఎన్ని కలవు?

మూడవ వాదము మన పక్షమువారిదే. కావున దానిని మరింత కఠినముగా విచారించుట ధర్మము. ఈ యంత్రము వచ్చినచో అణువ్యర్థములు మాయమగుననియు, ప్రమాదము మాటయే యుండదనియు కొందరు ఉత్సాహవంతులు చాటుచున్నారు. ఇది సత్యము కాదు. ధార నాపగానే శృంఖలాభేదనము ఆగునన్నది సత్యము. కాని ఇంధనములోని రేడియోధార్మికతవలన వెలువడు వేడి ఆగదు. ఆగిన క్షణమున అది పూర్ణశక్తిలో నూటికి ఆరేడు పాళ్ళుండును. 2011లో ఫుకుషిమాను ముంచినది ఆ వేడియే. వ్యర్థముల సంగతియు అట్టిదే. అమెరీసియము, నెప్ట్యూనియము వంటి దీర్ఘకాలిక విషములను న్యూట్రానులతో భేదించి, లక్షలయేండ్ల భారమును కొన్నివందల యేండ్లకు తగ్గించుట సాధ్యమని శాస్త్రము చెప్పుచున్నది. అదియు వాటిని ఇంధనమునుండి మిగులకుండ వేరుచేయగలిగినచోనే. ముప్పదియేండ్ల అర్ధాయువుగల సీసియము 137 వంటివి కొన్నివందలయేండ్లు కావలికాయవలసినవే. మొదట పచ్చికట్టెను రాజవేయుటకు యురేనియమో ప్లుటోనియమో కావలసినదే. పైగా త్వరణయంత్రము మాటిమాటికి ఆగరాదు. ఆగినపుడెల్ల ఇంధనము కాగి చల్లారి అలసిపోవును. బెల్జియములోని మోల్‌నందు తలపెట్టిన మిర్రా యంత్రమునకు మూడునెలలలో మూడు సెకనులకు మించిన అంతరాయములు పదికి మించరాదని నియమము పెట్టుకొనిరి. అంతటి నమ్మకమైన యంత్రమును నిర్మించుట సామాన్యము కాదు. ఇవి దాచి ప్రజలను ఉత్సాహపరచువాడు శాస్త్రమునకు వకాలతు పుచ్చుకొన్నవాడు కాడు, దానికి విరోధి. ప్రజ ఒకనాడు మోసపోయితిమని తెలిసికొన్నచో నిజము చెప్పువానిని గూడ నమ్మదు.

మన దేశమున ఏమియు జరుగుటలేదని మేమనము. బాభా అణుపరిశోధనాలయమున బ్రహ్మ అను ఉపసంకట రియాక్టరు నమూనా కలదు. అచ్చటనే నిర్మించిన త్వరణయంత్రము 2023లో ప్రోటానులను రెండుకోట్ల ఎలక్ట్రాన్ వోల్టులవరకు తీసికొనిపోయెను. బెంగుళూరి విజ్ఞానమందిరమున గింజల ప్రవాహమును తరచి చూచు పండితులు కలరు. కాని చైనావారు 2021లో హుయ్‌జౌ నగరమున యాబదికోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, ఐదు మిల్లీ ఆంపియరులు, రెండున్నర మెగావాట్ల ధారగల యంత్రమునకు పునాది త్రవ్విరి. కడపట అందు ఏ లక్ష్యము గెలిచినను గింజల విద్య వారిచేతిలో నిలిచినది. రెండుకోట్లకును యాబదికోట్లకును నడుమ దూరమెంతయో లెక్కనేర్చిన బాలుడైనను చెప్పును. 2025 ఫిబ్రవరి బడ్జెటులో చిన్న రియాక్టరుల పరిశోధనకై 20,000 కోట్ల రూపాయలు చూపి, 2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యమని ప్రకటించిరి. సంతోషము. ఆ వేలకోట్లలో గింజలు జారెడి పాత్రకొక్కటికైనను ఎంత వేరుపరచితిరని మన ప్రతినిధులు శాసనసభలో అడుగవలదా?

మా కోర్కెలు నాలుగు. మొదటిది: చల్లని గింజల ప్రవాహమునకును, కాగిన గింజల ప్రవాహమునకును పరీక్షాశాల యొకటి ఈ దేశమున బహిరంగముగా నెలకొల్పవలయును, అది తూర్పుతీరముననే ఏల యుండరాదు? అచ్యుతాపురమున అణుపరిశోధనాలయపు శాఖకు రైతులు భూములిచ్చియే యున్నారు. రెండవది: అందలి జయములతోపాటు అపజయములను గూడ ప్రకటింపవలయును. కమాను కట్టిన దినమును దాచిన పరీక్షాశాల పరీక్షాశాల కాదు. మూడవది: మన కళాశాలలలో భౌతికశాస్త్రము చదువు బాలురకును బాలికలకును గింజల విద్యను పాఠముగా పెట్టవలయును. గాదెచూడని దేశమువారు గాదెనుగూర్చి సూత్రములు కట్టుట, గాదెలమధ్య పుట్టిన మనము వాటిని వల్లెవేయుట – ఇది చాలును. నాలుగవది: తీరపు ఇసుకను త్రవ్వుటకు ముందు ఆ యిసుకపై వలలారవేసికొను జాలరివారి మాట వినవలయును. థోరియము జాతిధనమన్నచో జాతిలో వారును కలరు. వారి గుడిసెను పెకలించి తెచ్చిన వెలుగులో చదువుకొనుటకు మాకు సిగ్గగును.

ఈ నాలుగింటిలో ఏదియు అసాధ్యము కాదు. మూడవది రేపుదయమున ఏ పట్టణమునందైనను ప్రారంభింపవచ్చును. పఠనమందిరమున ఈ పత్రికను చదువుచున్న ఉపాధ్యాయుడు ఇంటికిపోయి రేకుగరాటొకటి చేయించి, అందు పెసలు పోసి, ద్వారమును మార్చి మార్చి కాలమును కొలిచిన చాలును. బెవర్లూ నేర్చిన పాఠమును తానును తన శిష్యులును మన కొలతలతో నేర్తురు. అది అణురియాక్టరు కాదు; కాని దానికి పోవు దారిలో పరుల కాళ్ళతో కాక మన కాళ్ళతో వేసిన మొదటి యడుగు.

1909లో మన యిసుకను పరుల కన్ను గుర్తించెను. ఆనాడు మనము పరతంత్రులము. ఆ సాకు చెల్లినది. నేడు స్వతంత్రులము, ఇసుక మన యొడ్డున నున్నది, విద్య పుస్తకములలో తెరచియున్నది, బాలురు బడులలో నున్నారు. ఇప్పుడును అగ్గిపుల్ల కొనుటకే బయలుదేరితిమేని, ఆ నేరము ఏ పరప్రభుత్వముపైనను మోపుటకు వీలులేదు. విచారణలో ప్రతివాదులము మనమే. తీర్పు చెప్పువారు మన బిడ్డలు.